అప్‌డేట్ క్రాంతి కుమార్

మనిషి ఎదురైతే "తిన్నవా?" అని అడగడం మన దగ్గర మర్యాద. కాస్త తీరిగ్గా ఉన్నవాళ్లు "మంచిగున్నవా?" అని కూడా అంటారు. క్రాంతి కుమార్ ఈ రెండూ అడగడు. ఎదురొచ్చిన మనిషి ముఖం వదిలేసి, చేతిలోని ఫోన్ వైపు చూసి, "అప్‌డేట్ చేసినవా?" అంటాడు. చెయ్యలేదంటే అయిపోయినట్టే. ఆ ఫోన్ ఆయన చేతిలోకి వెళ్తుంది, ఆయన మీ కుర్చీలోకి వెళ్తాడు. రెండూ ఇప్పట్లో తిరిగి రావు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఆకాశాన్ని మూసేసిన ఒక సందులో ఆయన కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. కాపురం ఎల్బీ నగర్ మెట్రో వెనక, ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో. భార్య జోస్నా వనస్థలిపురంలో లెక్కల టీచరు. లెక్కల్లో ఎప్పుడూ తప్పు పోలేదు కానీ, మొగుణ్ని అంచనా వెయ్యడంలో మాత్రం పెళ్లిచూపుల నాడే తప్పు పోయింది.

ఆ రోజు ఇద్దరినీ కాసేపు మాట్లాడుకోమని వదిలేస్తే, ఆయన గొంతు సవరించుకుని, "మీ పాస్‌వర్డ్‌ల మీ పుట్టినరోజు ఉన్నదా?" అని అడిగాడు.

జోస్నా తల వంచుకుని, "ఉన్నది" అంది. పుట్టినరోజు ఎప్పుడో తెలుసుకోవడానికి ఎంత నాజూకుగా అడిగాడో అని ఆమె మురిసిపోతుండగా, "జల్ది మార్చుండ్రి. ఎవడన్న కనిపెడతడు" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మారిందో ఆమెకు తెలియదు కానీ, మొగుడు మాత్రం మారలేదు.

కింద కర్రీ పాయింట్ నడిపే సంతోషి ఒకరోజు కరెంటు పోయి, గిన్నెల మధ్య ఫోన్ లైటు వేసుకుంది. క్రాంతి కుమార్ బెండకాయ వేపుడు కోసం వెళ్లినవాడు ఆ లైటు చూసి ఆగిపోయాడు.

"గీ లైటు యాప్ ఎక్కడిదమ్మా?"

"ఏదో వేసుకున్న అన్నా. మంచిగ వెలుగుతది."

"ఏమేం అడిగింది వేసుకునేటప్పుడు?"

"ఏందో అడిగింది. అన్నిటికీ సరే అన్న."

"అయ్యో తల్లీ! లైటు వెయ్యనీకి నీ చుట్టాల నంబర్లెందుకే దానికి? నీ ఫోటోలెందుకు? ఫోన్‌ల లైటు పుట్టుకతోనే ఉంటది గద!" అని ఆ చీకట్లోనే కౌంటరు లోపలికి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. యాప్ తీసేశాడు. తీసేసినవాడు ఊరుకోకుండా అప్‌డేట్ పెట్టాడు. కరెంటు వచ్చింది, బెండకాయ అయిపోయింది, ఆయన ఇంటికి రాలేదు. జోస్నా ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టుకుంది.

జోస్నా తల్లి ఎలీశమ్మది ఇంకో బాధ. ఆమె ఫోన్ నిండా గుడ్ మార్నింగ్ పూలు, సూర్యోదయాలు, వాక్యాలు రాసిన పావురాలు. అల్లుడు వాటిలో సగం తీసేశాడు.

"నా పూలు ఏమాయె బిడ్డా?"

"ఫోన్‌కు ఊపిరాడతలేదు అత్తమ్మా. పావురాలను ఉంచిన."

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఎలీశమ్మ కళ్లు మూసుకుని, గొంతెత్తి, "ప్రభువా, మందిసొమ్ము మీద చెయ్యేసే మా అల్లునికి మంచి బుద్ధి దయచెయ్యి తండ్రీ!" అని ప్రార్థించింది. అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది క్రాంతి కుమారే. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన వేలు ఆమె ఫోన్ మీదే ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు, మీర్‌పేట్‌లో జరిగిన పెళ్లి ఒక ఎత్తు. జోస్నా పెదనాన్న కూతురి పెళ్లి. పాస్టరు గారు ట్యాబ్‌లో చూసి చదువుతున్నారు. మధ్యమధ్య బొటనవేలితో తెర మీద ఏదో పక్కకు తోసేస్తున్నారు. ముందు వరసలో కూర్చున్న క్రాంతి కుమార్ కాళ్లు ఊగడం మొదలైంది.

"వద్దు," అంది జోస్నా, పెదాలు కదపకుండా.

"మళ్ల తోసిండు చూడు. 'తర్వాత' అని కొడుతుండు."

"నీకు దండం పెడతా, కూసో."

అప్పుడే పాస్టరు గారు తలెత్తి, "ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలుపవలెను" అన్నారు.

క్రాంతి కుమార్ చెయ్యెత్తాడు.

చర్చి మొత్తం ఆ చెయ్యి వైపు చూసింది. పెళ్లికూతురి తండ్రి గుండె పట్టుకున్నాడు. పెళ్లికొడుకు తరఫు మేనమామలు చొక్కా చేతులు మడిచారు. పెళ్లికూతురు, పాపం, అక్క మొగుడి మనసులో ఇన్నాళ్లూ ఏముందో అని కళ్లు తేలేసింది.

"పెళ్లికి గాదు అయ్యగారూ, ట్యాబ్‌కు," అన్నాడు క్రాంతి కుమార్ లేచి నిలబడి. "మీరు గట్ల వాయిదా వెయ్యొద్దు. అండ్ల సెక్యూరిటీ ఉంటది."

పెళ్లి జరిగింది. భోజనాల దగ్గర జోస్నా మొగుడికి రెండు బల్లల అవతల కూర్చుంది.

అదే అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో రామమోహనరావు గారని ఒంటరి మనిషి ఉండేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. లిఫ్టు గురించి, నీళ్ల ట్యాంకు గురించి, అసోసియేషన్ నోటీసులో అక్షర దోషాల గురించి అందరితోనూ తగువు పెట్టుకున్నారు. క్రాంతి కుమార్ ఒకసారి వెళ్లి అలవాటు ప్రకారం అడిగితే, "నా ఫోను, నా ఇష్టమండి. దయచెయ్యండి" అని తలుపు వేసుకున్నారు.

ఒకరోజు సాయంత్రం జోస్నా స్కూలు నుంచి వస్తూ, ఆయన గుమ్మం ముందు పాల ప్యాకెట్టు, పేపరు పొద్దుటి నుంచి అలాగే పడి ఉన్నాయని వాచ్‌మన్ గోపయ్య చెబితే వింది.

"తలుపు కొట్టినవా?"

"కొట్టిన మేడమ్. లోపట్నే ఉన్నడు. మాట్లాడతడు గని తియ్యడు. మనకెందుకు లొల్లి?"

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. క్రాంతి కుమార్ చెప్పులేసుకున్నాడు. "ఆయన ఫోన్‌కు అప్‌డేట్ వచ్చి ఉంటది. పోయొస్త."

"అప్‌డేటా! మనిషికి ఏమైందో అని చెప్తుంటే!" అని జోస్నా వెనకే మెట్లెక్కింది.

తలుపు కొడితే లోపలి నుంచి చిన్నగా, "వెళ్లిపోండి. నేనెవరితోనూ మాట్లాడకూడదు" అని వినిపించింది.

"మీరు మాట్లాడకుండ్రి సార్. ఫోన్ ఇస్తే చాలు."

ఏమనుకున్నారో, తలుపు కొంచెం తెరుచుకుంది. రామమోహనరావు గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెదవుల మీద వేలు పెట్టి లోపలికి చూపించారు. బల్ల మీద స్టీలు గ్లాసుకు ఆనించి ఫోన్ నిలబెట్టి ఉంది. అందులో పోలీసు యూనిఫారంలో ఒక మనిషి కూర్చుని చూస్తున్నాడు.

"కౌన్ హై?" అని గద్దించాడు తెరలోని మనిషి.

క్రాంతి కుమార్ తిన్నగా వెళ్లి ఆ ముఖంలోకి వంగి చూశాడు. "సాబ్, మీ బొమ్మ ఆగి ఆగి వస్తుంది. అప్‌డేట్ చేసినరా?"

"తుమ్ కో భీ అరెస్ట్ కర్ దూంగా!"

"చేస్కో సాబ్. జర దీన్ని రీస్టార్ట్ కానియ్యి," అని, పైన ఎప్పటి నుంచో వేలాడుతున్న అప్‌డేట్ కబురును కిందికి లాగి నొక్కేశాడు. యూనిఫారం, మీసం, వెనకున్న జెండా అన్నీ కలిసి నల్లబడిపోయాయి.

రామమోహనరావు గారు కుర్చీలో కూలబడ్డారు. "ఎంత పని చేశారండీ! నా పేరు మీద పార్సిల్లో మత్తుమందులు దొరికాయిట. డిజిటల్ అరెస్టు చేశారు నన్ను. కెమెరా ముందు నుంచి కదలకూడదన్నారు. రేపు బ్యాంకుకు వెళ్లి ఉన్నదంతా వాళ్లు చెప్పిన ఖాతాకు పంపమన్నారు."

"పంపిన్రా?"

"ఇంకా లేదండి."

"ఇంకేం సార్. డిజిటల్ అరెస్టు అని మన చట్టంల లేనే లేదు. ఏ పోలీసోడూ వీడియోల అరెస్టు చెయ్యడు. వాడు దొంగ."

"నేను పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగడానికి కూడా వాణ్ని అనుమతి అడిగానండీ" అన్నారు ఆయన. జోస్నా వంటింట్లోకి వెళ్లి నీళ్లు తెచ్చి ఇచ్చింది. క్రాంతి కుమార్ పక్కన కూర్చుని, సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి తన ఫోన్ కలిపి, జరిగినదంతా ఆయన చేతనే చెప్పించాడు.

మర్నాడు అపార్ట్‌మెంట్ అంతా ఏమైందని అడిగింది. "ఏమైతది? ఫోన్ సతాయించింది. అప్‌డేట్ చేసిన" అన్నాడు క్రాంతి కుమార్. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. అప్‌డేట్ అంటే ఆయన మాట నమ్మనివాళ్లు ఎవరు? అందరూ నమ్మారు.

రామమోహనరావు గారు మాత్రం బయటికి రావడం మానేశారు. తగువుకు కూడా రాలేదు. అసోసియేషన్ నోటీసులో "శుభ్రత"కు ఒత్తు పోయినా ఊరుకున్నారు. క్రాంతి కుమార్ రోజూ సాయంత్రం నాలుగో అంతస్తుకు పోవడం మొదలుపెట్టాడు.

"రోజూ ఏం అప్‌డేట్ వస్తదయ్యా ఒక ఫోన్‌కు?" అంది జోస్నా.

"పాత ఫోన్. మెల్లగ ఎక్కుతది."

ఒక ఆదివారం ఎలీశమ్మ వచ్చింది. జోస్నా బగారన్నం, కోడికూర చేసింది. వడ్డించే వేళకు మొగుడు లేడు. కూర చల్లారుతోంది. తల్లి "ప్రభువా" అని మొదలుపెట్టేలోపు జోస్నా విసవిసా పైకి వెళ్లింది. ఇవాళ ఆ ఫోనో, నేనో తేలిపోవాలనుకుంది.

తలుపు తెరిచే ఉంది. లోపల రామమోహనరావు గారు నిలబడి, రెండు చేతులూ ఊపుతూ, కాలేజీ వార్షికోత్సవ నాటకంలో భీముడి గద ఊడి ప్రిన్సిపాల్ ఒళ్లో పడిన కథ చెబుతున్నారు. నవ్వుకు కళ్లజోడు జారిపోతోంది. క్రాంతి కుమార్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఫోన్ ఆయన మోకాలి మీద బోర్లా ఉంది.

జోస్నా తీసి చూసింది. అప్‌డేట్ ఏమీ ఎక్కడం లేదు. అది పూర్తయి వారం దాటిందని అక్కడే తారీఖుతో సహా ఉంది. ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన మెల్లగా ఫోన్ తీసుకుని, మళ్లీ బోర్లా పెట్టి, "ఇంక ముప్పై శాతమే అయింది" అన్నాడు, ఆమె కళ్లలోకి చూడకుండా.

అప్పట్లో తన తల్లి మోకాలి ఆపరేషన్ అయి మంచాన ఉన్న నెలలో ఆమె ఫోన్‌కు అన్ని అప్‌డేట్లు ఎందుకొచ్చాయో జోస్నాకు అప్పుడు తెలిసింది. ఇంతకాలం కలిసి కాపురం చేసి, లెక్కల టీచరయి ఉండి, ఇంత చిన్న లెక్క అందలేదు.

"కూర్చోండమ్మా, టీ పెడతాను," అని రామమోహనరావు గారు వంటింట్లోకి వెళ్లారు. సాయం చేద్దామని ఆమె కూడా వెళ్లింది. ఆయన గిన్నెలో నీళ్లు పోస్తూ, హాల్లోకి తొంగిచూసి, గొంతు తగ్గించారు.

"అమ్మా, అది ఎప్పుడో అయిపోయిందని నాకు తెలుసండి. తెర మీద తెలుగులోనే రాసుంది కదా, అక్షర దోషం కూడా లేదు. మీవారితో అనకండేం. తెలిస్తే రావడం మానేస్తారు."

జోస్నా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక టీ గ్లాసులు తీసుకుని హాల్లోకి వచ్చింది. కింద కోడికూర పూర్తిగా చల్లారిపోయి ఉంటుంది. పోతే పోయింది, వెచ్చబెట్టుకోవచ్చు.

కిందికి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు కూడ పైకి రా. కూర గిన్నె పట్టుకురా. సార్ ఇంట్లనే తిందాం" అని చెప్పింది. తర్వాత మొగుడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, రామమోహనరావు గారితో అంది:

"భీముని గద ప్రిన్సిపాల్ ఒళ్లె పడ్డదా సార్? మళ్ల మొదటి నుంచి చెప్పుండ్రి. ఈ అప్‌డేట్ అయ్యేసరికి చానా టైమ్ పడతది."