బ్యాటరీ లేని లాప్‌టాప్‌లో అన్వర్ గొంతు

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో ప్రార్థన తప్ప తాయెత్తులు ఎరగం. పద్మారావు నగర్‌లోని ఒక బడిలో ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. చెప్పనిది యంత్రం చేయదని పిల్లలకు నేర్పేది నేనే.

ఆఫీసులోని పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు నేనే లినక్స్ ఎక్కించాను. ఛార్జింగ్ అయిపోతే అది ఉన్నట్టుండి ఆగిపోయేది. అందుకని స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రాం రాశాను. ఐదు నిమిషాలకోసారి బ్యాటరీ చూసి, ఇరవై శాతం కంటే తగ్గితే అది మాట్లాడాలి. గొంతు మా క్లర్క్ అన్వర్‌ది. "సార్, జెర చార్జర్ పెట్టుండ్రి." రికార్డింగ్ చివర మా ఇద్దరి నవ్వూ పడింది. తీసేయలేదు.

మర్నాటి నుంచి బ్యాటరీ తొంభై ఉన్నా ఆ గొంతు పలకసాగింది. ప్రిన్సిపాల్ మేడం పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడుతుంటే కూడా. నాకు అన్వర్ మీద అనుమానం వచ్చింది. పాస్‌వర్డ్ మా ఇద్దరికే తెలుసు. ప్రశ్నపత్రాలు అందులోనే ఉంటాయి. ముందు చూడాల్సింది స్క్రిప్ట్. నేను మనిషిని చూశాను. అతను ఏదో చేస్తున్నాడని మేడంకు చెప్పాను.

ఆమె పిలిచి అడిగితే అతను అన్నది ఇంతే. "గొంతు నాదే మేడం. చెయ్యి నాది కాదు."

అతన్ని ఉద్యోగం మానిపించారు. ప్రశ్నపత్రాలు దొంగిలించాడని బడి అంతా అనుకుంది.

వారం తర్వాత స్క్రిప్ట్ తెరిచాను. పని చేస్తుందో లేదో చూద్దామని ఇరవై బదులు తొంభై ఐదు పెట్టి, మళ్లీ మార్చడం మరిచింది నేనే. స్క్రిప్ట్‌నూ రికార్డింగ్‌నూ చెరిపేశాను. ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లకు బ్యాటరీ ఉబ్బింది. చిలకలగూడలో రిపేరు చేసే అతను దాన్ని తీసేశాడు. ఆ తర్వాత లాప్‌టాప్ ఛార్జర్ మీదే నడిచేది.

ఒక ఉదయం పదకొండింటికి సుగుణ టీచర్ దాంట్లో మార్కులు ఎక్కిస్తున్నారు. నేను పక్కనే ఉన్నాను. లాప్‌టాప్ పలికింది, "సార్, జెర చార్జర్ పెట్టుండ్రి."

"అన్వర్ గొంతు కదా సార్ ఇది?" అన్నారు ఆమె.

అంతా వెతికాను. స్క్రిప్ట్ లేదు, రికార్డింగ్ లేదు. పిల్లలను అనుమానించాను, ఎవరి ఫోనో మోగిందనుకున్నాను. రిపేరు అతన్ని అడిగితే నవ్వాడు. "లేని బ్యాటరీకి అలర్ట్ ఏందీ సార్?"

ఆ సాయంత్రమే మేడంకు నిజం చెప్పాను. మర్నాడు స్టాఫ్ అందరి ముందూ చెప్పాను. తర్వాత మల్కాజ్‌గిరి వెళ్లాను. అన్వర్ అక్కడ ఫోన్లు అమ్మే దుకాణంలో పని చేస్తున్నాడు. మేడం మళ్లీ రమ్మంటున్నారన్నాను. రానన్నాడు. గొంతు సంగతి కూడా చెప్పాను. అతను చేతిలోని ఫోను పక్కన పెట్టాడు.

"మన నవ్వు సుత వచ్చిందా సార్?"

అప్పటిదాకా నాకది తట్టలేదు. అక్కడి నుంచే సుగుణ టీచర్‌కు ఫోన్ చేసి, చివర ఏం వినిపించిందని అడిగాను. రికార్డింగ్‌లో నవ్వు ఉండేదని ఆమెకు తెలియదు.

ఛార్జర్ పెట్టమన్న మాట ఒక్కటే వినబడిందన్నారు. నేను విన్నదీ అంతే. నవ్వు లేని రికార్డింగ్ మేము ఎప్పుడూ చేయలేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు.