గొంగడి కింద బేరం

తక్కెడ మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను... ఇది జరిగింది.

రామన్నపేటలో మా నాయిన దుకాణం తెలిసినవాళ్ళు, ఆ తక్కెడ మీదా ఒట్టు, అని నవ్వుతారు. నవ్వండి. చింతపండులో గింజలు వదిలి తూచానేమో, నూనె కొలిచేటప్పుడు గిన్నెలో వేలు ముంచానేమో... ఈ సంగతిలో మాత్రం పిసరంత కల్తీ లేదు. నా పక్కన యాదగిరి ఉన్నాడు. వాడికి అబద్ధమాడే ఓపిక లేదు.

యాదగిరి మా ఊరి గొర్ల కాపరుల ఇంటివాడు. నాతోపాటు బడిలో దెబ్బలు తిన్నవాడు. సాగర్ దగ్గర ఆనకట్ట కడుతున్న ఆ రోజుల్లో, నార్కట్‌పల్లిలో ఉండే ఒక కంట్రాక్టరు దగ్గర జీపు నడిపే నౌకరి సంపాదించాడు. వాళ్ళ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటివాడు వాడే.

ఆ ఏడు వానకాలంలో కంట్రాక్టరు భార్యతో తిరుపతి వెళ్ళాడు. ఐదో రోజు పొద్దున మొదటి బస్సుకు దిగుతానని చెప్పి వెళ్ళాడు. అంటే నాలుగు రోజులు జీపు షెడ్డులో ఊరికే ఉంటుంది. ఏ వస్తువైనా ఊరికే పడి ఉందంటే మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. కనుక ఊళ్ళు చూద్దామన్న ఆలోచన నాదే, ఒప్పుకుంటున్నాను.

ఏమి తిరుగుడు అది... సాగర్ దగ్గర వేలమంది మనుషులు చీమల్లా రాళ్ళు మోయడం చూశాం. అలంపురం గుళ్ళు చూశాం. గద్వాలలో నా భార్యకు చీర బేరమాడి సగం ధరకు తెచ్చాను. ఇంటికొచ్చాక విప్పితే చీర కూడా ముప్పాతికే ఉంది. ఆత్మకూర్ దగ్గర కృష్ణలో పడవ షికారుకు ఎంత గట్టిగా బేరమాడానంటే, నేను మాట్లాడుతుండగానే పడవ వెళ్ళిపోయింది. గట్టున కూర్చుని నదిని ఉచితంగా చూసి వచ్చాం.

చివరి రోజు దేవరకొండ కోట. పొద్దు గూకే వేళకు పైకెక్కి నిలబడ్డాం. కింద చేలన్నీ మా జాగీరులాగే కనిపించాయి. అంత గర్వంతో దిగాం. అదే కొంప ముంచింది.

కోట కింద చాయ్ కొట్టు ముసలాయన నల్లగొండకు దారి చెప్పాడు.

"సడక్ మీదకెల్లి పోతే దూరం. గీ బండ్ల బాట పడితే నాలుగు కోసులు తక్కువైతది. నడుమ వాగొకటుంటది."

నాలుగు కోసులు తక్కువ. ఎవరైనా తగ్గింపు అంటే నేను కాదనలేను.

చీకటి పడింది. జీపుకు ఒక్క దీపమే వెలుగుతోంది. రెండోది మూడో రోజే కన్ను మూసింది. వాగు వచ్చింది. మడమ లోతు నీళ్ళు, అంతే. యాదగిరి దింపాడు. నడుమకు వచ్చాక వెనక చక్రాలు తిరగడం మొదలుపెట్టాయి... తిరుగుతున్నాయి... బండి మాత్రం కదలదు. ఇసుకలో ఇరుసు దాకా కూరుకుపోయాం.

గంట తవ్వాం. చేతులతో. గద్వాల చీర కూడా చక్రం కింద వేద్దామన్నాడు వాడు. నేను ఒప్పుకోలేదు.

"నాలుగు కోసులు కలిసొచ్చినయ్ కద, సేటూ," అన్నాడు యాదగిరి. కోపం వస్తే నన్ను సేటూ అంటాడు. "ఏడ వెట్టుకుంటవ్ వాటిని? సంచిల ఏస్కో."

"తెల్లారేసరికి చేరుతంలేరా."

"ఎట్ల చేరుతం? పొద్దుగాల దిగంగనే షెడ్డు తెరుస్తడు. జీపు లేకుంటె నా బతుకు మళ్ళ గొర్ల ఎనుకనే. మా బాపు ఊరంత చెప్పుకున్నడురా, నా కొడుకు నౌకరి చేస్తున్నడని."

నేను మళ్ళీ వంగి ఇసుక తవ్వడం మొదలుపెట్టాను.

అప్పుడు వినిపించింది. ఎగువ నుంచి... చాలా దూరంలో... బండెడు రాళ్ళు ఎవరో నిదానంగా దించుతున్నట్టు. ఉరుము కాదు. ఉరుము ఆగుతుంది. ఇది ఆగడం లేదు.

"వాగొస్తాంది," అన్నాడు యాదగిరి, గుసగుసగా. గొర్లు కాసినవాడు. వాడికి తెలుసు.

సరిగ్గా అప్పుడే, దీపం వెలుగు అంచున... మనిషి.

నెత్తి నుంచి మోకాళ్ళ దాకా నల్లటి గొంగడి. వెనక రెండు ఎడ్లు. ఎప్పుడొచ్చాడో చూడలేదు. అడుగుల చప్పుడు లేదు. ఎడ్ల మెడలో గంటలు లేవు. మా వైపు రాత్రిపూట గంటలు లేకుండా ఎడ్లను తోలేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

"ఓ పెద్దనాయినా, ఏ ఊరు మీది?" యాదగిరి అడిగాడు.

పలకలేదు.

"జర ఎడ్లు కట్టి బండి గుంజుండ్రి. నీ కాల్మొక్త."

ఆ మనిషి వాణ్ణి చూడనైనా లేదు. నీళ్ళలో నడుచుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చాడు. బేరం నాతో ఆడాలని ఎలా తెలిసిందో. గొంగడి అంచు కొంచెం ఎత్తాడు... లోపలికి చెయ్యి పెట్టమన్నట్టు.

పశువుల అంగడి చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. బేరం పదుల్లోనా వందల్లోనా అన్నది ముందుగా నోటితో అనుకుంటారు. తర్వాత నోరు మూసి, చేతుల మీద తువ్వాలో గొంగడో కప్పుకుని, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అన్ని. పక్కన వందమంది నిలబడినా ధర తెలియదు. మా మేనమామ దళారి. పదేళ్ళప్పుడే నాకు ఆ విద్య పట్టుబడింది. కప్పిన గుడ్డ కింద ఎవరైనా చెయ్యి చాపితే నా చెయ్యి నన్ను అడగదు. వెళ్ళిపోతుంది.

వెళ్ళింది.

గొంగడి లోపల... చల్లగా ఉంది. ఉన్ని కింద చలి ఉండడమేమిటి. వాగు అడుగున ఇసుకలో చెయ్యి దూర్చినట్టు. ఆ చెయ్యి తడి. గరుకు. నా ఐదు వేళ్ళనూ ఒక్కసారి పట్టుకుంది.

ఐదు.

నేను రెండు పట్టాను.

ఆ చెయ్యి కాసేపు ఊరుకుంది. మళ్ళీ ఐదు. నేను మళ్ళీ రెండు. ఎగువన రాళ్ళ చప్పుడు దగ్గరవుతోంది. మడమ దగ్గరి నీళ్ళు పిక్కకు వచ్చాయి.

"ఇచ్చెయ్‌రా, ఎంతడిగితే గంత," యాదగిరి అరిచాడు.

అడిగినంత ఇచ్చే అలవాటు మా వంశంలో లేదు. ఆ చెయ్యి నాలుగు పట్టింది. దిగింది కదా... అంటే ఇంకా దిగుతుంది. పాత ఎత్తు వేశాను. నాకు అక్కర్లేదన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కోబోయాను.

వదలలేదు.

లాగాను. వదలలేదు. నా వేళ్ళు జారి దాని మణికట్టు మీద ఆగాయి. అప్పుడు తెలిసింది... అక్కడ నాడి లేదు. వెతికాను. లేదు. నా నాడి ఒక్కటే ఇద్దరికీ సరిపడా కొట్టుకుంటోంది.

ముఖం చూద్దామని తల ఎత్తాను. గొంగడి ముడత... దాని లోపల చీకటి... ఆ చీకటి లోపల ఇంకొంచెం చీకటి. అంతే.

పారిపోవాలి. ఎవరైనా అదే చేస్తారు. నేనేం చేశానో చెబితే మా అమ్మ కూడా నన్ను తిట్టింది. నేను మూడు పట్టాను. గట్టిగా నొక్కాను. ఇంతకు మించి ఒక్కటి లేదన్నట్టు.

ఎంతసేపో తెలియదు.

చివరికి ఆ చెయ్యి నా అరచేతిలో ఒకసారి తట్టింది. బేరం తెగింది.

తర్వాత అంతా చకచకా జరిగింది. బంపరుకు తాడు పడింది. కాడి కిర్రుమంది. ఎడ్లు రొప్పిన చప్పుడు నాకు వినిపించలేదు, తాడు బిగుసుకున్న చప్పుడు మాత్రం విన్నాను. జీపు కదిలింది. యాదగిరి స్టీరింగ్ మీద పడుకున్నట్టు వంగాడు. నేను వెనక నుంచి తోశాను. చీర కూడా నెత్తిన పెట్టుకుని తోశాను. ఒక్క ఊపున గట్టెక్కాం.

వెనక్కి తిరిగేసరికి... నీళ్ళు వచ్చాయి. గోడలా. చెట్లు, కొమ్మలు, దేనిదో తలుపు... అన్నీ కలిసి మేము నిలబడిన చోటు మీదుగా పోయాయి.

యాదగిరి నన్ను పట్టుకుని ఎగిరాడు. నేనూ ఎగిరాను. ఇద్దరు పెళ్ళయిన మగవాళ్ళం, పిల్లల్లా కేకలు వేశాం. బతికాం. బండి బతికింది. నౌకరి బతికింది.

ఆ తర్వాత మూడు రూపాయలు తీసి చాపాను. "పెద్దనాయినా, ఇగో."

ఎవరూ లేరు. ఎడ్లు లేవు. చాపిన చేతితో చాలాసేపు నిలబడ్డాను. డబ్బు అలా పట్టుకుని నిలబడడం నా జన్మలో అదొక్కసారే. చివరికి గట్టు మీది బండ సందులో పెట్టి, పైన రాయి పెట్టాను.

యాదగిరి బంపరు దగ్గర తాడు విప్పుతున్నాడు. ఆగిపోయాడు.

"ముట్టి సూడు."

నీళ్ళలో కట్టిన తాడు. నీళ్ళలోంచి లాగిన తాడు. పొడిగా ఉంది.

తాడు జీపులో వేసుకుని బయలుదేరాం. నల్లగొండ దాటాక వాడు అడిగాడు. "ఎంతకు తెగిందిరా?"

"మూడుకు. ఐదు చెప్పిండు. మూడుకు దించిన."

"మూడేంది?"

అప్పుడు గుర్తొచ్చింది. ముందు నోటితో అనుకోవలసిన మాట. పదులా, వందలా, రూపాయలా... ఏమీ అనుకోలేదు. అంగడిలో పదేళ్ళ పిల్లవాడు కూడా చేయని తప్పు. ధర తగ్గించే తొందరలో... దేని ధరో అడగలేదు.

తెల్లారకముందే నార్కట్‌పల్లి చేరాం. జీపు కడిగాం. మొదటి బస్సు దిగి కంట్రాక్టరు గుండుతో వచ్చాడు. బానెట్ మీద చెయ్యి తట్టాడు.

"మంచిగ పెట్టినవ్‌రా బండిని. గీ తాడెక్కడిది?"

యాదగిరి నా వైపు చూశాడు.

"నేను తెచ్చిన, సారూ," అన్నాను. "ఐదు చెప్తె మూడుకు."

"బేరం మంచిగనే చేసినవ్."

ఆయన కూడా ఏం మూడని అడగలేదు.

రెండు నెలల తర్వాత యాదగిరి ఏదో పని మీద అటు వెళ్ళాడు. గట్టు మీది ఆ రాయి ఎత్తి చూశాడు. మూడు నోట్లు అలాగే ఉన్నాయి. తీసుకురాలేదు, ముట్టుకోలేదు కూడా. కనుక రూపాయలు కావు. మూడు రోజులు దాటాయి, మూడు నెలలు దాటాయి. మూడో ఏడు వచ్చినప్పుడు ఏడాది పొడుగునా ఇద్దరం జ్వరమొస్తే చాలు ఒకరికొకరు కబురు పెట్టుకున్నాం. ఏమీ కాలేదు. వాడికి నౌకరి ఉంది, ఇప్పుడు లారీ కూడా నడుపుతున్నాడు. తాడు మా దుకాణంలో వేలాడుతోంది. ఈ వానకాలంలో కూడా తడి పట్టలేదు.

ఎవరో పక్క పల్లె రైతు అయ్యుంటాడని మా నాయిన అంటాడు. అయ్యుండవచ్చు. ఆ చుట్టుపక్కల పల్లె ఉందా అని ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

యాదగిరి మాత్రం వచ్చినప్పుడల్లా ఆ తాడు చూసి అదే ప్రశ్న వేస్తాడు, "మూడేందిరా?" అని. నా జవాబు కూడా ఒకటే.

"నాకేం ఎర్కరా. కని ఐదు అడిగిండు. నువ్వుంటే ఐదూ ఇచ్చేటోనివి. రెండు మిగిల్చిన, యాది పెట్టుకో."

ఆ రెండూ ఏమిటో నాకు తెలియదు. ఏవైనా సరే... అవి మావి.