బిల్లు ప్రింటర్ ప్రాజెక్టుకు కంపెనీ పేరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ఈమెయిల్ చదవగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

యాకుత్‌పురాలో మా కిరాణా దుకాణానికి కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు, అది మా పాత బిల్లు ప్రింటర్‌ను గుర్తుపట్టలేదు. పనిచేయించడానికి నేనే ఒక ప్రోగ్రాం రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు అని ఇంటర్నెట్‌లో పెట్టాను. దానికి ఆ ప్రింటర్ కంపెనీ పేరే పెట్టాను. మా బజారులో ఏ బిల్లు ప్రింటర్‌నైనా ఆ పేరుతోనే పిలుస్తారు కాబట్టి నాకది తప్పనిపించలేదు.

ఈమెయిల్ రాసింది ఇంకో కంపెనీ ఇంజినీరు. వాళ్ల ప్రింటర్లు కూడా నా ప్రాజెక్టుతో నడిచేలా కోడ్ సిద్ధం చేశాడట. కానీ దాని మీద పోటీ కంపెనీ పేరున్నంత కాలం పంపడానికి వాళ్ల ఆఫీసు ఒప్పుకోదట. కన్నది నేను, పేరు పెట్టేది వాళ్లా అనుకున్నాను.

అప్పటికే నయాపూల్‌లో ప్రింటర్లు బాగుచేసే అన్న మా దుకాణంలో, ఒక మిషన్ సంచిలో పెట్టుకుని కూర్చున్నాడు. మందుల షాపులవాళ్లు కొత్త కంప్యూటర్లతో నడవని ఆ రెండో కంపెనీ మిషన్లు పదకొండు అతనికి అప్పగించారు. సాయంత్రానికి నడవకపోతే తుక్కుకు వేస్తామన్నారు. ఆ షాపులు పోతే అతని కొట్టు మూతే.

"పేరు మార్చెయ్ చెల్లె," అన్నాడు, ఈమెయిల్ చదివి వినిపించగానే.

"రెండేండ్ల సంది కష్టపడుతున్న. ఎందుకు మార్చాలె అన్నా?"

"షురూల నేను గూడ గదే కంపెనీ బోర్డు కట్టిన. వేరే మిషన్లోళ్లు బోర్డు చూసి ఆగకుండ పోయేటోళ్లు. మస్తు దినాలు ఖాళీగ కూసున్న. ఆఖరికి నేనే పీకి పడేసిన." తెర మీది పేరు చూపిస్తూ అడిగాడు. "ఆ కంపెనోళ్లు నీకేమన్న జీతమిస్తున్నరా?"

ఇవ్వడం లేదు. కానీ ఎప్పటికైనా ఆ పేరు చూసి ఉద్యోగానికి పిలుస్తారని నా ఆశ. ఇంట్లో కూడా చెప్పని ఆ మాట అతనికి చెప్పేశాను. చెప్పాక సిగ్గేసింది.

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "అయితే వద్దు తియ్ చెల్లె. నా ఫికర్‌ల వడి నీ నౌకరి ఎందుకు చెడగొట్టాలె," అని సంచి భుజానికెత్తుకున్నాడు.

"ఆగన్నా," అన్నాను. కంపెనీ పేరు చెరిపేసి, 'బిల్లు ప్రింటర్' అని మాత్రం టైపు చేశాను. ఇంజినీరుకు జవాబు రాసి, ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం.

నాలుగింటికి కోడ్ వచ్చింది. ఐదున్నరకు అతని మిషన్ చీటీ కొట్టింది. అన్న దాన్ని చింపి చూసుకుంటూ కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. అది అతని సంతోషానికి కాదు.