ఉంబా దాచిన కర్రముక్క

కాంగోలో లువాలబా నది ఒడ్డు ఊళ్ళలో, బొమ్మలు చెక్కే ఉంబా బాడిసకు పేరుండేది. చెట్టు మొదట్లో తెల్లసుద్ద చల్లి, అనుమతి అడగనిదే దెబ్బ వేసేవాడు కాదు. బొమ్మల కళ్ళు అరమోడ్పుగానే చెక్కేవాడు. లోపలికి చూసుకునేవాళ్ళకు బయటి చూపెందుకనేవాడు.

కూతురు సేయాకు నెలలు నిండగానే, ఒళ్ళో గిన్నె పట్టుకుని కూర్చున్న ఆడబొమ్మను గడప ముందు పెట్టాడు. కానుపు ఇంటికి ఊరి సాయం అడిగే బొమ్మ అది. కరువు ఏడాది. అయినా దారిన పోయేవాళ్ళు ఆ గిన్నెను ఖాళీగా ఉండనివ్వలేదు. ఒకరు చిటికెడు ఉప్పు, ఒకరు ఎండుచేప, ఏమీ లేనివాళ్ళు నాలుగు కట్టెపుల్లలు.

కవలలు పుట్టారు. మగబిడ్డ వారం తిరక్కుండానే పోయాడు. పోయాడని అక్కడెవరూ అనరు, నీళ్ళకు వెళ్ళాడంటారు. వాడి బదులు బొమ్మ చేసి చెల్లెలి పక్కన పడుకోబెట్టాలి. పిల్లకు పెట్టేదంతా దానికీ పెట్టాలి. లేకపోతే తోడు వెతుక్కుంటూ పిల్లా వెళ్ళిపోతుంది.

ఉంబా దుంగ కోశాడు. బొమ్మకు సగమే పట్టింది. మిగిలిన సగం ఇంట్లో ఉంటే రెండో బొమ్మను అడుగుతుందని పెద్దల మాట. ఆ రోజే నదిలో వదిలేయాలి. పురుగు ముట్టని మేలైన కర్ర. పారేయడానికి చేతులు రాక చూరులో దాచాడు.

పొరుగింటి ముసలి మువాదీ రోజూ సేయాకు కర్రపెండలం జావ తెచ్చేది. సేయా పాలివ్వబోతే, ముందు బొమ్మను రొమ్ముకు ఆనించి, "ఆగవే తిండిపోతూ, మీ అన్న తాగాలి ముందు," అని పసిదాన్ని కోప్పడేది.

వానలతో ఊళ్ళోకి జ్వరం దిగింది. పసిది పాలు తాగడం మానేసింది. ఉంబా మనసు చూరు మీదికి పోయింది. ముక్క తీసుకుని వానలోనే నదికి పరుగెత్తాడు. ఒడ్డు చేరేలోగా వెనక నుంచి మువాదీ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఇంకెందుకులే ఉంబా. పిల్లా నీళ్ళకు వెళ్ళింది. ఇంటికి రా."

చంకలో కర్రతోనే తిరిగొచ్చాడు. సేయా చూసింది.

"అదే చెట్టుదా నాన్నా?"

"పారేయలేక చూరులో దాచానమ్మా. నా పాపమే."

సేయా ముక్క అందుకుని చాలాసేపు వాసన చూసింది. "జ్వరం ఇంటింటికీ వచ్చింది. అన్ని చూర్లలోనూ నువ్వే దాచావా?" అని తిరిగి అతని చేతికిచ్చింది. "దీనికి జడలు బాగా చెక్కు."

ఆ మాట అతను నమ్మాడో లేదో గానీ, బాడిస అందుకున్నాడు.

గడప ముందు బొమ్మను లోపల పెట్టాలని ఎవరికీ తోచలేదు. సాయంత్రానికి ఆ గిన్నెలో రెండు చిన్న చేపలున్నాయి.