మావారి మరదలు, నా చిలకపచ్చ చీర

పోయిన వారం ఒక గృహప్రవేశానికని గుంటూరు నుంచి ప్రత్తిపాడు వైపు కారులో వెళ్తుంటే, రోడ్డు పక్క మిరప కల్లంలో, త్వరలో పెళ్ళికూతురు కాబోతున్న ఒక పిల్ల నేలంతా ఊడ్చే తెల్ల గౌను వేసుకుని, ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య నిలబడి ఆగకుండా తుమ్ముతూ కనిపించింది. పక్కన సూటు బిగించుకుని చెమటలు కక్కుతున్న కాబోయే వరుడు, నెత్తిమీద గిర్రున తిరుగుతున్న డ్రోను, "మేడం, చిల్లీస్ పైకి విసరండి, నవ్వుతూ విసరండి" అని అరుస్తున్న ఫొటోగ్రాఫరు. పెళ్ళికి ముందే తీసే ఫొటోలట, ఇప్పుడివి లేకపోతే శుభలేఖ కూడా అచ్చు కాదట. మావారు కిటికీ అద్దం దించి ఒక నిమిషం చూసి, "మిట్టమధ్యాహ్నం పెట్టుకున్నారేంటి, కళ్ళ కింద నీడలు పడవూ" అని మళ్ళీ అద్దం ఎత్తేశారు. ఆయనకు నీడలు గుర్తొచ్చాయి. నాకు ఆయన మరదలు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళయినా కడుపులో అదే పాత మంట లేచింది.

నా ఈడు వాళ్ళకు మొగుళ్ళ వ్యసనాల గురించి వేరే చెప్పక్కర్లేదు. మా వీధిలో ఒకావిడ పేకాటకు ఏడ్చేది, ఇంకొకావిడ సిగరెట్లకు ఏడ్చేది, నేను కెమెరాకు ఏడ్చేదాన్ని. మావారు గుంటూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసేవారు. శనివారం సాయంత్రం దాకా ఫైళ్ళలో తల దూర్చి మన లోకంలోనే ఉండే మనిషి, ఆదివారం తెల్లవారేసరికి మెడలో కెమెరా వేసుకుని వేరే మనిషి అయిపోయేవారు. ఆ పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. గుమాస్తాలు, లెక్కల మాస్టార్లు, ఒక పళ్ళ డాక్టరు, అందరూ బట్టతలలే. తీసిన ఫొటోలను పెద్దవిగా కడిగించి, అట్టల మధ్య పెట్టి, ఎక్కడెక్కడి దేశాల్లోనో జరిగే పోటీలకు పోస్టులో పంపేవారు. కొన్ని నెలలకు ఫలితాల కార్డు వచ్చేది, ఫొటో ఎంపికైతే దానితోపాటు నున్నటి కాయితాల పుస్తకం ఒకటి వచ్చేది. ఎంపికైన ఫొటోలన్నీ అందులో అచ్చు వేసేవారు. ఇలా దేశదేశాల్లో ఎంపికలు పోగయితే, పేరు చివర పెట్టుకోవడానికి ఒక బిరుదు ఇస్తారట. మావారి ధ్యాసంతా ఆ బిరుదు మీదే ఉండేది.

క్లబ్బు వాళ్ళు అప్పుడప్పుడు అందరూ కలిసి ఒక మోడల్‌ను పిలిపించేవారు. ఒకసారి ఒంగోలు దాటి కొత్తపట్నం సముద్రపొడ్డుకు విజయవాడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆ పిల్ల తడి ఇసకలో కుండ పట్టుకుని నడుస్తుంటే ఈ బట్టతలలన్నీ అలల్లో మోకాళ్ళ దాకా దిగి, ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూస్తూ, "ఇటు చూడమ్మా", "అటు చూడమ్మా" అని కేకలు. తోడుగా వెళ్ళిన ఆడవాళ్ళం ఒడ్డున కూర్చుని పులిహోర తింటూ పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. ఆ అమ్మాయి మీద నాకు ఏ కోపమూ రాలేదు. వచ్చింది, ఫొటోలు దిగింది, బస్సెక్కి వెళ్ళిపోయింది. పైగా అందరి కెమెరాల్లోనూ అదే కుండ, అదే అల, అదే అమ్మాయి పడటంతో ఏ దేశం వాళ్ళూ ఎవరి ఫొటోనూ తీసుకోలేదు.

మరదలి సంగతి అలా కాదు. ప్రత్తిపాడులో ఉండే మావారి మేనమామ కూతురు ఆవిడ. వరసైన పిల్ల. చిన్నప్పటి నుంచీ ఇద్దరికీ ముడిపెట్టి మాట్లాడుకున్నారట, తీరా సమయానికి ఈయన చదువుకున్న పిల్ల కావాలని పట్టుబట్టడంతో నేను ఆ ఇంటికి వచ్చాను. ఆ పిల్లను వాళ్ళ నాన్న ఊళ్ళోనే ఒక రైతుకిచ్చి ఇల్లరికం తెచ్చుకున్నాడు. మా అత్తగారు మాత్రం నేను చేసిన పప్పులో ఉప్పు తక్కువైనప్పుడల్లా తమ్ముడి కూతురిని తలుచుకుని నిట్టూర్చేవారు. అది చాలదన్నట్టు, మిరప కోతలు మొదలయ్యేసరికి మావారు కెమెరా తీసుకుని మేనమామ కల్లానికి బయల్దేరేవారు.

ఆవిడ అందగత్తె అంటే నేనొప్పుకోను. నాకన్నా ఛాయ తక్కువ, ముక్కు కాస్త పెద్దది, నవ్వితే చిగుళ్ళు కనిపించేవి. కానీ కాయల మధ్య గంప చంకన పెట్టుకుని నడిచిందంటే మావారు ఊపిరి బిగబట్టేవారు. ఎరుపు మీద ఆకుపచ్చ నప్పుతుందని నా బీరువాలోంచి చిలకపచ్చ చీర తీసుకెళ్ళి ఆవిడకు కట్టించారు. మా పుట్టింటివాళ్ళు పెట్టిన చీర అది. అడిగితే కాదంటానా? కాదనే అన్నాను, అయినా తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక ఎన్నిసార్లు ఉతికినా మిరప ఘాటు వదిలేది కాదు, కట్టుకుంటే ఒళ్ళంతా చుర్రుమనేది. దానికన్నా ఘోరం, నన్ను కూడా వెంట తీసుకెళ్ళి చేతికో పెద్ద థర్మోకోల్ అట్ట ఇచ్చేవారు. ఎండను ఆ అట్ట మీద పట్టి ఆవిడ ముఖం మీదికి వెలుగు తిప్పడం నా పని. నా చీర ఆవిడ కట్టుకుంటే, దాని మీదికి వెలుతురు కూడా నేనే పట్టాలి. చేతులు లాగేస్తున్నాయంటే, "ఇంకొంచెం ఎత్తు, ఇంకొంచెం" అనేవారే కానీ కెమెరాలోంచి కన్ను తీసేవారు కాదు.

కాయలు గాల్లోకి ఎగరేస్తే తప్ప ఫొటోకు అందం రాదని ఆయన నమ్మకం. కల్లంలో కాయలను కాళ్ళతో తిరగేస్తారు, కూర్చుని తాలుకాయలు ఏరతారు, అంతేగానీ ఎవరైనా ఎగరేస్తారా? మొదటిసారి ఎగరేయించినప్పుడు మేనమామ కర్ర పట్టుకుని వచ్చాడు. "ఒరేయ్ అల్లుడూ, ఎగరేస్తే తొడిమలు ఊడవంట్రా? తొడిమ లేని కాయ యార్డులో ఎవడు కొంటాడ్రా, నీ ఫొటో కొంటాడా?" అని కల్లం దద్దరిల్లేలా కేకలేశాడు. చివరికి ఒక గంపెడు కాయలు విడిగా పోసిచ్చి, వాటితో ఏం చేసుకుంటారో చేసుకోండి, పాడైనవి మీరే పట్టుకుపోండి అని తీర్మానం చేశాడు. అలా ఎగిరి, కింద పడి, తొడిమలూడిన కాయలు మా ఇంటికొచ్చేవి. ఏడాది పొడుగునా మేము తిన్న కారం అదే. మెప్పు మరదలికి, కారం నాకూనా అని ప్రతి ఎండాకాలం కారం కొట్టించేటప్పుడు పళ్ళు కొరుక్కునేదాన్ని.

స్పెయిన్ నుంచి ఒకసారి పుస్తకం వచ్చింది. తెరిస్తే ఒక పేజీ నిండా మరదలు. గాల్లో కాయలు, మధ్యలో ఆవిడ, నా చీర కొంగు గాలికి ఎగురుతోంది. కింద మావారి పేరు, ఆ పక్కన మెడల్ అని రాసి ఉంది. మావారు ఆ పుస్తకాన్ని ఆఫీసుకు, క్లబ్బుకు, చివరికి మంగలి షాపుకు కూడా తీసుకెళ్ళి చూపించారు. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "పిల్ల ఎంత కళగా ఉందిరా" అన్నారు. పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ రోజు నాకొక పంతం పుట్టింది. ఆ పుస్తకాల్లో ఏదో ఒకదానిలో, ఏ మూలనైనా సరే, నా ముఖం అచ్చు కావాలి. దేశం ఏదైనా ఫరవాలేదు. నగలు అడగలేదు, తిరుపతి తీసుకెళ్ళమని అడగలేదు, నాకు ఆ పేజీ కావాలి.

నోరు విడిచి అడిగేశాను. ఆయన వింతగా చూసి, "ముందే అడగొచ్చుగా" అన్నారు. ఆ వచ్చే ఆదివారం నా చీర నేనే కట్టుకుని కల్లంలో నిలబడ్డాను. అట్ట ఈసారి మరదలు పట్టుకుంది. "అక్కా, నడుం బిగించి విసురు, మెల్లగా విసిరితే కాయలు నీ నెత్తినే పడతాయి" అని అక్కడినుంచి అరుపులు. తుమ్ములొచ్చాయి, కళ్ళు మండాయి, జడలో మిరపకాయలు ఇరుక్కున్నాయి. రీలంతా అయిపోయింది. కడిగించాక ఫొటోలన్నీ బల్లమీద పరిచి ఆయన తల గోక్కున్నారు. ఒక్కదానిలోనూ నేను కాయలను చూడటం లేదు.

"నన్ను చూస్తావేంటి? కాయల్ని చూడమంటే!"

నిజమే. గంప ఎత్తినా, విసిరినా, కాయలు నెత్తిన పడుతున్నా, నా కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. బాగున్నానా, నచ్చానా అని అడుగుతున్నట్టు. అప్పుడు మరదలి ఫొటోలన్నీ పక్కన పెట్టి చూసుకున్నాను. ఒక్కదానిలోనైనా ఆవిడ మావారి వైపు చూస్తే ఒట్టు. ఆవిడ ధ్యాసంతా కాయల మీదే, నాన్న తిడతాడేమోనన్న బెంగ మీదే. అది చూసి ఊరట కలగాలి కదా, కలగలేదు. అంత పట్టనట్టు ఉండి కూడా మెడల్ తెచ్చుకుందే అని ఇంకా ఒళ్ళు మండింది.

ఒక్కో పోటీకి ఒక విభాగంలో నాలుగు ఫొటోలే పంపనిచ్చేవారు. మూడు మరదలివి, నాలుగోది నాది పంపారు. కార్డు వచ్చింది. ఆవిడవి రెండు ఎంపికయ్యాయి, నాది తిరిగొచ్చింది. ఇక ఆ ఊసెత్తితే ఊరుకోనని మావారికి గట్టిగా చెప్పి, ఆ కవర్లు కట్టే గదిలోకి వెళ్ళడమే మానేశాను. ఏళ్ళు గడిచాయి. క్లబ్బులో ఆయన వెనక చేరినవాళ్ళు కూడా బిరుదులు తెచ్చుకుని పేర్ల చివర తగిలించుకున్నారు, ఈయనకు మాత్రం ఎప్పుడూ కొద్దిలో తప్పిపోయేది. అదృష్టం లేదనుకున్నాను. మరదలి ఫొటోలే పట్టుకు వేలాడితే ఇలాగే అవుతుందని లోలోపల కాస్త సంతోషించాను కూడా.

మరదలి కూతురి ఓణీల ఫంక్షనుకు వెళ్ళినప్పుడు, నలుగురిలో ఎవరో ఆవిడ ఫొటోల సంగతి ఎత్తితే నేను ఉండబట్టలేక, నీకేమమ్మా, ప్రపంచమంతా తిరిగొచ్చావు, మేము గుంటూరు దాటలేదు అనేశాను. నవ్వుతూనే అన్నాను, కానీ ఆవిడ నవ్వలేదు. చెయ్యి పట్టుకుని వంటశాల వెనక్కి లాక్కెళ్ళింది.

"నీకు తెలవదా అక్కా? నీ ఫొటో ప్రతిసారీ పంపుతున్నాడు బావ. మొన్న క్లబ్బోళ్ళు మా కల్లంలో భోజనాల దగ్గర తిట్టిపోశారు. ఆ నాలుగోది మార్చవయ్యా, మంచిదింకోటి పెడితే ఈపాటికి నీకు బిరుదొచ్చేది గదా, ఎన్నేళ్ళు పాడుచేసుకుంటావ్ అని. వింటేగా! గెలుస్తాయని నావి పంపుతాడు. ఓడిద్దని తెలిసి నీది పంపుతాడు." ఆగి, ముక్కు ఎగబీల్చి, "నాకెట్టా ఉంటదో చెప్పు" అంది.

అప్పటిదాకా ఏడవడం నా వంతే అనుకున్నాను. ఆవిడ కళ్ళలో కూడా అదే మంట కనిపించింది. నాకెంత గర్వం కలిగిందో చెప్పడానికి ఈ వయసులో మొహమాటం ఎందుకు, మెడల్ తెచ్చుకున్న రోజు మావారికి కూడా అంత కలిగి ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, ఎందుకలా చేస్తున్నారని. కిటికీలోంచి ప్రత్తి చేలు చూస్తూ, "ఎప్పటికైనా ఒక జడ్జికి కళ్ళుండవా" అన్నారు. ఆ కళ్ళున్న జడ్జి ఏ దేశంలోనూ దొరకలేదు. ఆ బిరుదు రాకుండానే మావారు రిటైరయ్యారు.

ఇప్పుడు పోటీలన్నీ కంప్యూటర్లోనే జరుగుతున్నాయట, అట్టలు లేవు, పోస్టు లేదు, ఫలితం కోసం నెలల ఎదురుచూపులు లేవు. కెమెరా బరువు మోయలేక మావారు కూడా ఫోనుకే వచ్చేశారు. పొద్దున కాఫీ తాగుతుంటే ఒక ఫొటో, పూలు కడుతుంటే ఒకటి, మందులు వేసుకుంటుంటే ఒకటి, రోజంతా నన్నే తీస్తుంటారు. మునుపటిలా కాదు, ఎటు చూడాలో నాకూ వచ్చేసింది. చూసినవాళ్ళు, అదృష్టవంతురాలివమ్మా అంటారు. కాదనను. కానీ ఫోనులో ఎన్నయినా పడతాయి, ఒకటి ఉంచడానికి ఇంకొకటి తీసెయ్యాల్సిన పని లేదు. నాలుగింటికే చోటున్నప్పుడు, గెలవదని తెలిసినా ఆయన చేత ఏటేటా ఒక చోటు ఇప్పించుకున్న, ఆ నాలుగో ఫొటోలోని కళ్ళు మండే ఆడమనిషి మీద మాత్రం నాకిప్పటికీ అసూయే.