లూసీ గారి బొమ్మల పుస్తకాల షాపు

షాపులోకి కొత్తగా వచ్చిన ప్రతి మగవాడూ లూసీని దాటి వెనకగది వైపు చూసేవాడు, ఓనరు ఎక్కడున్నాడా అని. ఓనరును నేనే అని చెప్పి చెప్పి విసుగెత్తి, చివరికి ఆమె చెప్పడం కూడా మానేసింది.

లూసీది బాపట్ల. ఒంటరి మనిషి. డెట్రాయిట్ ఆసుపత్రుల్లో పదేళ్లు నర్సుగా చేసింది. రోగుల్ని ఎత్తి ఎత్తి నడుం పట్టేశాక, 1983లో ఆ పక్క ఊరు ట్రాయ్‌లో ఒక ముసలాయన అమ్మేస్తున్న కామిక్ పుస్తకాల షాపు కొనుక్కుంది. తీరా కొన్నాక తెలిసింది, ఇక్కడ మోయాల్సిన పెట్టెలు రోగుల కంటే బరువని.

అసలు చిక్కు ఆర్డర్లతో. మూడు నెలల తర్వాత వచ్చే పుస్తకాలకి ఇవాళే ఆర్డరివ్వాలి. ఏది అమ్ముడుపోతుందో బొమ్మలు గీసేవాడికే తెలియదు, లూసీకి మాత్రం తెలియాలి. మిగిలినవి ఎవరూ వెనక్కి తీసుకోరు. అందుకని వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఆమె అట్ట నుంచి అట్ట దాకా చదివేది. చదవనిదల్లా కొనేవాళ్లే! పెళ్లిచూపుల్లో పిల్లని చూసినట్టు అంచులూ మూలలూ పరీక్షించి, వంక దొరక్కపోతే ప్లాస్టిక్ సంచిలో దూర్చి దాచేసేవాళ్లు. ఊరగాయ జాడీకైనా ఎప్పుడో ఒకప్పుడు మూత తీస్తారు, వీళ్లు అదీ తియ్యరు అనుకునేది లూసీ.

తెలుగువాళ్లు ఇంకో రకం. డాక్టర్ జగన్మోహన్ అయితే పదిమందిలో ఎక్కడ కనిపించినా, "ఏం సిస్టర్, రంగులేసుకుంటున్నారా?" అని పలకరించేవాడు. ఆమె నర్సు పని మానేసి మూడేళ్లయినా ఆయనకి ఇంకా సిస్టరే.

1986లో, చిన్న కంపెనీలు వేసిన నలుపు తెలుపు కామిక్కుల మొదటి సంచికలు వందల డాలర్లకి అమ్ముడుపోతున్నాయని పేపర్లో పడింది. ఆ వారమే డాక్టరుగారు మొదటిసారి షాపు గుమ్మం తొక్కాడు.

"సిస్టర్, కొత్తగా స్టార్ట్ అయ్యేవన్నీ, ఫస్ట్ ఇష్యూలు, ఒక్కోటి యాభై కాపీలు బుక్ చేయండి."

"ఎలాంటి కథలు ఇష్టం డాక్టరుగారూ?"

"కథలెవడిక్కావాలండీ! ఇది ఇన్వెస్ట్‌మెంట్."

లూసీ ఒక పుస్తకం తెరిచి చూపించింది. "ఈ కుందేలుకి ఈ పేజీలో నాలుగు వేళ్లు, ఆ పేజీలో ఆరు. ఒక్కటైనా చదివి చూడండి."

"అమ్మడం మీ పని, సలహాలెందుకు?"

స్టెతస్కోపు పెట్టకుండా మందు రాసే డాక్టరు దగ్గరికి ఈయన వెళ్తాడా అనుకుంది లూసీ. డబ్బు మాత్రం ముందే తీసుకుంది.

ఏడాది తిరిగేసరికి ఆ వేలం వెర్రి చల్లారింది. దాచుకున్న వాళ్లంతా ఒకేసారి అమ్మకానికి దిగితే కొనేవాడు ఎక్కడ దొరుకుతాడు? ఒక శనివారం డాక్టరుగారు స్టేషన్ వ్యాగన్ నిండా పెట్టెలతో వచ్చాడు. వెంట ఆయన భార్య వసుమతి కూడా దిగింది.

"ఒక్కటి కూడా టచ్ చెయ్యలేదు సిస్టర్. అన్నీ బ్రాండ్ న్యూ. మీరే తీసేసుకోండి."

లూసీ పై పుస్తకం సంచిలోంచి తీసింది. లోపలి పేజీ మీద పసుపు వేలిముద్ర. రెండో పెట్టెలో పైనున్న దాని అట్ట మీద, కుందేలు నెత్తిన, గుండ్రంగా టీ మరక.

డాక్టరుగారి ముఖం పాలిపోయింది. "ఎలకలు పడ్డాయా?"

"ఎలకలు టీ తాగవు డాక్టరుగారూ."

"నేనే," అంది వసుమతి, ఏమాత్రం తొణక్కుండా. "చలికాలమంతా చదివాను. ఒక్కోదాంట్లో ఒక్క కాపీయే. మిగతా నలభై తొమ్మిది మీరన్నట్టే ఉన్నాయి, చూసుకోండి."

"మింట్ కండిషన్‌లో, కొత్త నోట్లలా ఉన్నవాటిని..." డాక్టరుగారు టీ మరకని రుమాలుతో రుద్దాడు.

లూసీ ఆయన్ని వదిలేసి ఆవిడ వైపు తిరిగింది. "ఎలా ఉన్నాయి?"

"ఇవిగో, ఈ మూడు బాగున్నాయి," అంది వసుమతి, పెట్టెల్లోంచి తీసి కౌంటరు మీద పెడుతూ. "మిగిలినవన్నీ చెత్త. లూసీగారూ, ఆ లైట్‌హౌస్ కథలో ముసలమ్మ ఏమైంది? రెండో పుస్తకం వచ్చిందా?"

లూసీ కూడా ఆ రాశిలో ఏరిపెట్టుకున్నవి ఆ మూడే. "వచ్చింది. మూడోది రాదు, కంపెనీ మూసేశారు." డాక్టరుగారి వైపు చూసి, "మొదటిది తలా యాభై కొన్నారు. రెండోది అడిగిన వాళ్లు లేరు. ఇన్నాళ్లకి ఈవిడ అడిగారు," అంది.

పెట్టెలు తీసుకోనని చెప్పేసింది. డాక్టరుగారు ఒక్కొక్కటే మోసుకెళ్లి మళ్లీ కారులో పేర్చుకున్నాడు. పని పూర్తయ్యాక హారన్ కొట్టాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. వసుమతి కౌంటరుకి ఆనుకుని, లూసీ తీసిచ్చిన రెండో పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

ఆ తర్వాత కొత్త సరుకు దిగే ప్రతి శుక్రవారం ఆవిడ వచ్చేది. స్టూలు మీద కూర్చుని, "ఇదేం కథండీ, ఏడ్చినట్టుంది!" అని పక్కన పడేసేది. లూసీ వెంటనే ఆ కథ తర్వాతి సంచికల ఆర్డరు కాగితం తీసి అక్కడున్న పదిని రెండు చేసేది. ఆవిడ మాట్లాడకుండా పేజీ తిప్పిందంటే మాత్రం ఆ పదినే ఇరవై చేసేది. షాపు కొన్నాక అంత ధైర్యంగా అంకెలు వేయడం ఆమెకి అదే మొదలు.