ముందొస్తే నడక, వెనకొస్తే పరుగు

ఈ రోజు పలకల ఫ్యాక్టరీలో పని ఎగ్గొట్టి మార్కాపురం కాలేజీ గ్రౌండుకు పోయాను. మా అక్క కొడుకు ఏసోబు రిలే టీము కోసం పరిగెత్తుతున్నాడు. ఈసారి చోటు రాకపోతే రేపటి నుంచి నాతోపాటు ఫ్యాక్టరీకి పొమ్మని వాళ్ల నాయన తేల్చేశాడు.

కొత్తగా వచ్చిన కోచ్ సారు అందరి ఎడమ చేతికీ స్పీడు కొలిచే వాచీలు కట్టించారు. ఏసోబు అందరికంటే ముందు గీత దాటాడు. సారు ఆ వాచీ లెక్క ఫోనులో చూసి పెదవి విరిచారు.

"నువ్వు నడిచినట్టు చూపిస్తాంది."

"ఏంది సార్! అందరికంటే ముందొచ్చినా గదా!"

"నేను చూసినాలేబ్బా. వాచీ ఒప్పుకోవద్దా?"

సంగతి నాకు అర్థమైంది. వాడు వేసుకున్నది వాళ్ల బావ నిక్కరు. జారిపోకుండా ఎడమ చేత్తో పట్టుకునే పరిగెత్తాడు. చెయ్యి ఊగకపోతే ఆ వాచీ దృష్టిలో మనిషి పరిగెత్తనట్టే. సారును బతిమాలి ఇంకో ఛాన్సు ఇప్పించి, నిక్కరుకు సుతిలి తాడు కట్టాను.

"కాళ్ల సంగతి ఇడ్సిపెట్రా. చేతులు ఊపు!"

ఈసారి వాడు చేలో పిట్టల్ని తోలినట్టు రెండు చేతులూ ఊపుకుంటూ, రొప్పుకుంటూ, అందరికంటే చివర వచ్చాడు. సారు ఫోను చూసి వాడి భుజం తట్టారు.

"అట్ల ఉండాల స్పీడంటే! నువ్వు టీములో ఉండావ్ పో."

ఇంటికి వస్తుంటే ఏసోబు అడిగాడు, "మామా, పోటీ రోజు ముందు రావాల్నా, చేతులు ఊపాల్నా?"

వాడికేం చెప్పాలో మీరే చెప్పండి.